ల్యాప్‌టాప్‌లో టైలింగ్ డెస్క్‌టాప్: ఐ3, స్వే, హైపర్‌ల్యాండ్, నిరి, డీడబ్ల్యూఎంలలో మీకు సరిపడేది ఏది?

తెరిచిన ప్రతి విండో మిగతావాటి పక్కన తనంతట తానే సర్దుకోవాలి, మౌస్ జోలికి పోకుండా కీబోర్డుతోనే ఒకదాని నుంచి ఇంకోదానికి దూకగలగాలి. టైలింగ్ విండో మేనేజర్ చేసే పని ఇదే. లినక్స్‌లో ఈ పని చేసేవి చాలానే ఉన్నా, ఇవాళ కొత్తగా మొదలుపెట్టే వాళ్లు తేల్చుకోలేక ఆగిపోయేది ముఖ్యంగా ఐదింటి దగ్గర: ఐ3, స్వే, హైపర్‌ల్యాండ్, నిరి, డీడబ్ల్యూఎం.

స్క్రీన్‌షాట్లు చూసి ఎంచుకోవద్దు. విండోల మధ్య ఖాళీలు, రంగుల అంచులు, అందమైన బార్ కాస్త ఓపిక ఉంటే ఐదింటిలోనూ తెచ్చుకోవచ్చు. తేడా బయటపడేది వేరే చోట. సెమినార్ హాల్లో ప్రొజెక్టర్‌కి తీగ పెట్టినప్పుడు, ఆఫీసు మీటింగ్‌లో స్క్రీన్ చూపించమన్నప్పుడు, టెర్మినల్లో తెలుగు ఫైల్ పేరు వచ్చినప్పుడు, మూత వేసి సంచిలో పెట్టినప్పుడు. ఎంపిక ఈ పనుల మీద ఆధారపడాలి. విశాఖలో చదువుకునే వాళ్లను, ఉద్యోగాలు చేసే వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన పోలిక ఇది.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

గ్రాఫిక్స్ చిప్. అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. టెర్మినల్లో ఎల్‌ఎస్‌పీసీఐ అని కొట్టి, వీజీఏ అనీ 3డీ అనీ ఉన్న వరుసలు చదవండి. ఇంటెల్ గానీ ఏఎండీ గానీ ఒక్కటే కనబడితే మీకు అన్ని దారులూ తెరిచే ఉన్నాయి. దాంతోపాటు ఎన్‌విడియా కూడా కనబడితే, అంటే అది గేమింగ్ ల్యాప్‌టాప్ అయితే, ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఇలాంటి చాలా మోడళ్లలో లోపలి తెర ఇంటెల్ లేదా ఏఎండీ చిప్‌కి, హెచ్‌డీఎంఐ రంధ్రం ఎన్‌విడియా చిప్‌కి కలిపి ఉంటాయి. బ్యాటరీ కోసం ఎన్‌విడియాని పూర్తిగా ఆపేస్తే ప్రొజెక్టర్ మీద బొమ్మే రాదు. తప్పు విండో మేనేజర్‌ది అనుకుని దాన్ని మార్చుకుంటూ పోతారు, ఫలితం మాత్రం మారదు.

ఎక్స్11 నా, వేల్యాండ్ నా. విండోలను తెర మీద చూపించే అడుగు వ్యవస్థలు ఇవి. ఐ3, డీడబ్ల్యూఎం పాత పద్ధతి ఎక్స్11 మీద నడుస్తాయి. స్వే, హైపర్‌ల్యాండ్, నిరి వేల్యాండ్ మీద నడుస్తాయి. ఎక్స్11 రేపే ఆగిపోదు. కానీ లినక్స్‌లో పేరున్న పూర్తి డెస్క్‌టాప్ గ్నోమ్ 49 వెర్షన్‌తో ఎక్స్11 సెషన్‌ని మామూలుగా కనబడకుండా చేసేశారు. మరో పేరున్న డెస్క్‌టాప్ ప్లాస్మాలో 6.8 నుంచి వేల్యాండ్ సెషన్ మాత్రమే ఉంటుందని కేడీఈ వాళ్లూ ప్రకటించారు. నాలుగేళ్ల కోర్సు ఇప్పుడే మొదలుపెట్టిన విద్యార్థి ఎక్స్11 మీద అలవాట్లు పెంచుకుంటే చదువు పూర్తయ్యేలోపు మళ్లీ మార్చుకోవాల్సి రావచ్చు.

తెర సైజు, స్కేలింగ్. 14 అంగుళాల 1920×1080 తెరలో అంగుళానికి సుమారు 157 పిక్సెళ్లు, 15.6 అంగుళాల తెరలో 141 ఉంటాయి. పక్కన పెట్టుకునే 24 అంగుళాల మానిటర్‌లో 92 మాత్రమే. ల్యాప్‌టాప్‌లో అక్షరాలు చదవగలిగేలా పెంచితే మానిటర్‌లో అవి అవసరానికి మించి పెద్దవైపోతాయి. వేల్యాండ్‌లో ఏ తెరకి ఆ స్కేల్ ఇవ్వచ్చు. ల్యాప్‌టాప్‌కి 1.25, మానిటర్‌కి 1 ఇస్తే రెండూ కుదురుతాయి. ఎక్స్11లో డీపీఐ అందరికీ కలిపి ఒక్కటే. 96 బదులు 120 పెడితే అది రెండు తెరలకీ వర్తిస్తుంది.

తెలుగు. మన దగ్గర దీన్ని కచ్చితంగా లెక్కలోకి తీసుకోవాలి. గుణింతాలు, ఒత్తులు సరిగ్గా కూర్చాలంటే అక్షరాలను అమర్చే లైబ్రరీ ఒకటి మధ్యలో పనిచేయాలి. ఐ3, స్వేల టైటిల్ పట్టీలు, వేబార్ అనే బార్, ప్రోగ్రాములు తెరిచే రోఫీ పాంగో లైబ్రరీ వాడతాయి కాబట్టి తెలుగు చక్కగా కనబడుతుంది. డీడబ్ల్యూఎం, దాని ప్రోగ్రాముల మెనూ డీమెనూ వాడే ఎక్స్ఎఫ్‌టీ లైబ్రరీకి ఆ తెలివి లేదు. అందులో ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. టెర్మినళ్ల విషయంలో అలాక్రిటీ ఈ కూర్పు చేయదు. ఫుట్, కిట్టీ చేస్తాయి, అయితే గళ్ల వెడల్పు లెక్క వల్ల వాటిలోనూ అక్కడక్కడా అక్షరాలు ఇరుకుగానో ఎడంగానో పడతాయి. తెలుగు ఎక్కువగా రాసే వాళ్లు ఆ పనిని టెర్మినల్లో కాకుండా మామూలు ఎడిటర్‌లో చేసుకోవడం మేలు.

నెట్ లేనప్పుడు సాయం. తుపాను పట్టినా, వేసవిలో కరెంటు పోయినా బ్రాడ్‌బ్యాండ్ కూడా దాంతోపాటే పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరం ఎన్ని రోజులు చీకట్లో ఉందో ఇక్కడ అందరికీ తెలుసు. అలాంటి వేళ ఏదో సెట్టింగ్ చెడితే, సమాధానం మీ డిస్క్‌లోనే ఉందా, వికీ తెరవాలా అన్నది పెద్ద తేడా. స్వేకి అన్నీ మ్యాన్ పేజీల్లోనే, అంటే టెర్మినల్లో చదువుకునే సాయం పేజీల్లోనే ఉన్నాయి. ఐ3 ప్యాకేజీతోపాటు దాని యూజర్ గైడ్ డాక్ ఫోల్డర్‌లోకి వచ్చేస్తుంది. హైపర్‌ల్యాండ్ వివరాలు ప్రధానంగా ఆన్‌లైన్ వికీలో ఉంటాయి.

అప్‌డేట్ల బరువు. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికే హాస్టల్ విద్యార్థికి ఆర్చ్ లాంటి నిత్యం మారే డిస్ట్రో (లినక్స్ రకం) ఖర్చుతో కూడిన పని. నెల రోజులు వదిలేసి ఒకేసారి అప్‌డేట్ చేస్తే జీబీల్లో దిగుతుంది. డెబియన్ లేదా ఉబుంటు ఎల్‌టీఎస్ మీద ఉంటే డేటా మిగులుతుంది. కానీ హైపర్‌ల్యాండ్, నిరిల కొత్త వెర్షన్లు అక్కడ దొరకవు, దొరికినా పాతవి ఉంటాయి.

## ఒక్క చూపులో

| అంశం | ఐ3 | స్వే | హైపర్‌ల్యాండ్ | నిరి | డీడబ్ల్యూఎం |
|---|---|---|---|---|---|
| ఆధారం | ఎక్స్11 | వేల్యాండ్ | వేల్యాండ్ | వేల్యాండ్ | ఎక్స్11 |
| సర్దుబాటు | ఎటు చీల్చాలో మీరు చెప్పాలి | ఐ3 లాగే | తనంతట తానే | అడ్డంగా జరిగే వరుస | ఒక ముఖ్య విండో, పక్కన మిగతావి |
| కాన్ఫిగ్ | సాదా టెక్స్ట్ | ఐ3 ఫైల్ దాదాపు అలాగే | సొంత పద్ధతి, మారుతూ ఉంటుంది | కేడీఎల్ ఫైల్ | సీ కోడ్, ప్రతిసారీ కంపైల్ |
| ఎన్‌విడియా | ఇబ్బంది తక్కువ | అధికారిక మద్దతు లేదు | నడుస్తుంది, కొన్ని సెట్టింగులు కావాలి | నడుస్తుంది, కొన్ని సెట్టింగులు కావాలి | ఇబ్బంది తక్కువ |
| తెర తెరకీ వేరే స్కేల్ | లేదు | ఉంది | ఉంది | ఉంది | లేదు |
| మీటింగ్‌లో ఒక్క విండో చూపడం | కుదురుతుంది | మొత్తం తెర అయితే నిశ్చింత | కుదురుతుంది | కుదురుతుంది | కుదురుతుంది |
| బార్‌లో తెలుగు | సరిగ్గా | సరిగ్గా | వేబార్‌తో సరిగ్గా | వేబార్‌తో సరిగ్గా | ఒత్తులు విడిపోతాయి |
| నెట్ లేకుండా సాయం | గైడ్ లోపలే | మ్యాన్ పేజీలు | తక్కువ | కాన్ఫిగ్‌లోనే వివరణలు | సోర్స్ కోడే |

## ఐ3: నిలకడే దీని బలం

మైఖేల్ స్టాపెల్‌బర్గ్ 2009లో మొదలుపెట్టిన ఐ3 ఈ ఐదింటిలో మొదటిసారి నేర్చుకునేవారికి చాలా దయగా ఉంటుంది. తొలిసారి తెరవగానే కాన్ఫిగ్ ఫైల్ తయారుచేయమంటారా, మోడ్ కీగా విండోస్ బటన్ కావాలా ఆల్ట్ కావాలా అని అడుగుతుంది. విండోస్ బటన్నే ఎంచుకోండి. ఆల్ట్ తీసుకుంటే బ్రౌజర్, ఎడిటర్ షార్ట్‌కట్లతో గొడవ పడుతుంది. విండోల మధ్య ఖాళీలకు పూర్వం ఐ3-గ్యాప్స్ అనే వేరే ఫోర్క్ (ఐ3 నుంచి చీలిన మరో రూపం) పెట్టుకోవాల్సి వచ్చేది. 2023లో వచ్చిన 4.22 నుంచి అవి ఐ3లోనే ఉన్నాయి. కాబట్టి ఐ3-గ్యాప్స్ కంపైల్ చేయమని చెప్పే పాత గైడ్లను పక్కన పెట్టేయండి.

ల్యాప్‌టాప్ మీద దీనికి రెండు లోపాలు. మొదటిది టచ్‌ప్యాడ్. తట్టితే క్లిక్ అవడం, వేళ్లు కదిలిన దిశలో పేజీ కదలడం ఐ3 కాన్ఫిగ్‌లో ఉండవు. ఎక్స్11 కాన్ఫిగ్ ఫోల్డర్‌లో లిబ్‌ఇన్‌పుట్ కోసం చిన్న ఫైల్ రాసి ట్యాపింగ్‌ని ఆన్ చేయాలి. రెండోది వీడియో చూస్తున్నప్పుడు తెర అడ్డంగా చీలినట్టు కనబడటం. పికామ్ అనే కంపోజిటర్ (విండోలన్నిటినీ కలిపి ఒక్క బొమ్మగా గీసేది) వేసి వీసింక్ ఆన్ చేస్తే చాలావరకు పోతుంది.

ప్రొజెక్టర్ దగ్గర మాత్రం ఐ3ది పైచేయి. పాత హాళ్లలో వీజీఏ కన్వర్టర్‌తో పెట్టే ప్రొజెక్టర్లు తమ రిజల్యూషన్‌ని తప్పుగా చెప్పడం సాధారణం. ఎక్స్‌ర్యాండర్ అనే కమాండ్‌తో 1024×768 అని బలవంతంగా చెప్పి, లోపలి తెరను దానికి అద్దంలా పెట్టేయవచ్చు. స్వేలో రెండు తెరల మీద ఒకే బొమ్మ చూపే సదుపాయం లోపల లేదు. అందుకోసం డబ్ల్యూఎల్-మిర్రర్ అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకోవాలి. సెమినార్ ముందురోజే వేసుకోండి, స్టేజీ మీద కాదు.

## స్వే: ఎక్కువమందికి మా సిఫార్సు

ఇంటెల్ లేదా ఏఎండీ గ్రాఫిక్స్ ఒక్కటే ఉన్న ల్యాప్‌టాప్ అయితే స్వేతో మొదలుపెట్టండి. డ్రూ డీవాల్ట్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు 1.0 వెర్షన్ 2019 మార్చిలో వచ్చింది. ఐ3 కాన్ఫిగ్‌ని దాదాపు అలాగే చదువుతుంది కాబట్టి ఐ3 కోసం రాసిన పాఠాలు, వీడియోలు దీనికీ పనికొస్తాయి. డెబియన్, ఉబుంటు, ఆర్చ్ అన్నింటి ప్యాకేజీల్లో ఉంది. ఫెడోరాలో 38 వెర్షన్ నుంచి స్వే స్పిన్ పేరుతో తయారుగా ఉన్న ఐఎస్ఓ కూడా దొరుకుతుంది.

ల్యాప్‌టాప్‌కి కావాల్సిన సెట్టింగులు ఒకే ఫైల్‌లో ఉండటం దీని గొప్ప సుఖం. అవుట్‌పుట్ అన్న భాగంలో తెర స్కేల్, ఇన్‌పుట్ అన్న భాగంలో టచ్‌ప్యాడ్ ట్యాప్, స్క్రోల్ దిశ, కీబోర్డ్ లేఅవుట్. ఫైల్‌లో తప్పు రాశారేమో చూసుకోవడానికి స్వేకి పెద్ద సీ ఆప్షన్ ఇచ్చి నడపండి. లాగౌట్ అవకుండానే తప్పు ఏ వరుసలో ఉందో చెబుతుంది.

తెలుగు లేఅవుట్ కలిపిన రోజు ఒక చిక్కు వస్తుంది. ఇంగ్లీషులో ఉన్నప్పుడు పనిచేసిన షార్ట్‌కట్లు తెలుగులోకి మారగానే మొండికేస్తాయి. మోడ్ కీతో డీ నొక్కితే స్వేకి డీ కాకుండా ఆ బటన్ మీద ఉన్న తెలుగు అక్షరం కనబడటమే కారణం. కాన్ఫిగ్‌లో షార్ట్‌కట్ రాసే ప్రతి బైండ్‌సిమ్ వరుసలో టు-కోడ్ ఆప్షన్ చేర్చండి. అప్పుడు అక్షరాన్ని కాకుండా బటన్ చోటుని పట్టుకుంటుంది. హైపర్‌ల్యాండ్‌లో ఈ బెడద లేదు, అది ఎప్పుడూ మొదటి లేఅవుట్ ప్రకారమే షార్ట్‌కట్లు చూస్తుంది.

లోపాల సంగతికి వస్తే, ఎన్‌విడియా సొంత డ్రైవర్‌కి స్వే అధికారిక మద్దతు ఇవ్వదు. అన్‌సపోర్టెడ్-జీపీయూ అనే ఆప్షన్ ఇస్తేనే మొదలవుతుంది, ఆ తర్వాత వచ్చే సమస్యల మీద ఫిర్యాదు చేసినా డెవలపర్లు తీసుకోరు. రెండో లోపం, భిన్నాల స్కేల్‌లో పాత ఎక్స్11 ప్రోగ్రాములు మసకగా కనబడతాయి. బ్రౌజర్, వీఎస్ కోడ్ లాంటివి నేరుగా వేల్యాండ్ మీద నడిచేలా పెట్టుకుంటే ఆ మసక పోతుంది.

## హైపర్‌ల్యాండ్: అందంగా ఉంటుంది, సమయం అడుగుతుంది

2022లో వచ్చిన హైపర్‌ల్యాండ్ యానిమేషన్లు, గుండ్రటి మూలలు, వెనకది మసకగా కనబడే పారదర్శకత అన్నీ తనతోనే తెస్తుంది. కొత్త విండోకి చోటు తనే చీలుస్తుంది, ఎటు అని మీరు చెప్పక్కర్లేదు. మీటింగ్‌లో ఒక్క విండో మాత్రమే పంచుకునే సదుపాయం దాని పోర్టల్‌లో, అంటే ప్రోగ్రాములకు తెరని అందించే భాగంలో బాగా కుదిరింది.

దీని ధర రెండు రకాలుగా కడతారు. మొదటిది బ్యాటరీ. బ్లర్ అంటే ప్రతి ఫ్రేమ్‌లో వెనక బొమ్మని మళ్లీ లెక్కగట్టడం, ఆ పని గ్రాఫిక్స్ చిప్‌దే. విశాఖ నుంచి పగటిపూట జన్మభూమి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తూ పని చేసుకునే వాళ్లు బ్లర్, నీడలు, యానిమేషన్లు మూడింటినీ ఒకే షార్ట్‌కట్‌తో ఆపేసేలా చిన్న స్క్రిప్ట్ పెట్టుకోవాలి. రెండోది నిలకడ. వెర్షన్ మారినప్పుడు సెట్టింగుల పేర్లు మారతాయి, తెర పైన ఎర్రటి పట్టీలో తప్పులు కనబడతాయి. ప్లగిన్‌లు వాడితే ప్రతి వెర్షన్‌కీ మళ్లీ కంపైల్ చేయాలి. సోమవారం వైవా పెట్టుకుని ఆదివారం రాత్రి అప్‌డేట్ చేయకండి.

ఇంకో గట్టి హెచ్చరిక. ఒక్క కమాండ్‌తో మొత్తం డెస్క్‌టాప్ తయారుచేస్తామనే రెడీమేడ్ డాట్‌ఫైల్స్ (ఇంకొకరి కాన్ఫిగ్ ఫైళ్ల) స్క్రిప్టులు ఎక్కువగా హైపర్‌ల్యాండ్ చుట్టూనే ఉన్నాయి. అవి మీ పాత కాన్ఫిగ్ ఫోల్డర్లను తొక్కేస్తాయి, వందల ప్యాకేజీలు లాగుతాయి. ఏదైనా చెడితే ఏ ముక్క ఏం చేస్తోందో తెలియక ఎక్కడ వెతకాలో అర్థం కాదు. హైపర్‌ల్యాండ్‌తో వచ్చే నమూనా కాన్ఫిగ్‌తోనే మొదలుపెట్టి, రోజుకో మార్పు చేసుకుంటూ వెళ్లండి.

## నిరి: చిన్న తెరకి పెద్ద మేలు

టైలింగ్ మీద చాలామంది చేసే ఫిర్యాదు ఒకటుంది. మూడో విండో తెరవగానే మొదటి రెండూ కుంచించుకుపోతాయి. 1366×768 తెర మీద నాలుగు విండోలు పెడితే దేన్నీ చదవలేం. నిరి ఆ మూలాన్నే మార్చింది. విండోలు నిలువు వరుసలుగా కుడివైపు సాగుతూ పోతాయి. కొత్తది తెరిచినా పాతదాని వెడల్పు మారదు. రైల్లో కిటికీ లోంచి చూసినట్టు తెర ఆ వరుస మీద అటూ ఇటూ జరుగుతుంది. టచ్‌ప్యాడ్ మీద మూడు వేళ్లతో పక్కకి తోస్తే వరుస కదులుతుంది, పైకి కిందికి తోస్తే వర్క్‌స్పేస్ మారుతుంది. ఇవి ముందే పెట్టి ఉంటాయి.

కాన్ఫిగ్ సేవ్ చేయగానే అమల్లోకి వస్తుంది. తప్పు ఉంటే పాతదాన్నే ఉంచి హెచ్చరిస్తుంది. కాబట్టి ప్రయోగాలకి భయం లేదు. ఎక్స్11 ప్రోగ్రాముల కోసం ఎక్స్‌వేల్యాండ్-శాటిలైట్ అనే ప్యాకేజీ ఉండాలి. 25.08 వెర్షన్ నుంచి అది డిస్క్‌లో ఉంటే చాలు, నిరి తనే నడుపుకుంటుంది. ఆర్చ్, ఫెడోరాలలో తేలిగ్గా దొరుకుతుంది. ఉబుంటు 24.04 మీద ఉన్నవాళ్లకు ఇది సులువైన దారి కాదు.

## డీడబ్ల్యూఎం, ఇంకా కొన్ని

2006లో సక్‌లెస్ వాళ్లు తెచ్చిన డీడబ్ల్యూఎంకి కాన్ఫిగ్ ఫైలే లేదు. సీ హెడర్ ఫైల్‌లో మార్చి కంపైల్ చేయడమే. రెండో ఏడాది సీఎస్ఈ విద్యార్థికి నిజమైన సీ ప్రోగ్రామ్‌ని మొదటి నుంచి చివరిదాకా చదివే అవకాశం ఇది, ఆ కోణంలో చాలా విలువైనది. రోజూ పనికి మాత్రం వద్దంటాం. రెండు ప్యాచ్‌లు ఒకే వరుసని మార్చగానే చేత్తో కలుపుకోవాలి, పైగా తెలుగు సంగతి ముందే చెప్పుకున్నాం.

బీఎస్‌పీడబ్ల్యూఎం, క్యూటైల్, ఆసమ్ కూడా మంచివే. పైథాన్ బాగా వచ్చినవాళ్లకు క్యూటైల్, లువా వచ్చినవాళ్లకు ఆసమ్ చేతికి ఒదుగుతాయి. కొత్తవాళ్లు వీటితో మొదలుపెట్టాల్సిన అవసరం కనబడదు.

ఇంట్లో అందరూ వాడే ల్యాప్‌టాప్ అయితే పూర్తి విండో మేనేజర్‌కి పోకండి. కేడీఈ ప్లాస్మా 5.27 నుంచి విండోస్ బటన్‌తో టీ నొక్కితే గడులు గీసుకునే తెర వస్తుంది. షిఫ్ట్ పట్టుకుని విండోని లాగితే ఆ గడిలో కూర్చుంటుంది. కాస్మిక్ డెస్క్‌టాప్‌లో విండోస్ బటన్‌తో వై నొక్కితే టైలింగ్ ఆన్ అవుతుంది, మళ్లీ నొక్కితే ఆఫ్. వైఫై, ప్రింటర్, బ్లూటూత్ అన్నీ మామూలుగానే ఉంటాయి. అమ్మానాన్నలకి కొత్తగా ఏదీ నేర్పక్కర్లేదు.

## ఎవరికి ఏది

4 జీబీ ర్యామ్, పాత ఇంటెల్, కాలేజీ సెమినార్లు: డెబియన్ మీద ఐ3. విండో మేనేజర్ వల్ల కొన్ని వందల ఎంబీ మిగులుతుంది. అయితే బ్రౌజర్‌లో ట్యాబ్‌లు వరుసగా తెరిస్తే ఆ లాభం అక్కడే ఖర్చయిపోతుంది కాబట్టి ర్యామ్‌లోని డేటాని కుదించి చోటు మిగిల్చే జడ్‌ర్యామ్ కూడా పెట్టుకోండి.

రుషికొండ ఆఫీసు పని, ఇంట్లో మానిటర్, రోజూ కాల్స్: స్వే. తెరల అమరికకి కన్షీ వేసుకుంటే మానిటర్ తగిలించగానే, తీయగానే ఏది ఎక్కడ ఉండాలో తనే చూసుకుంటుంది. కాల్‌లో ఒక్క విండోనే చూపాల్సిన ఉద్యోగమైతే, అంటే పక్కన క్లయింట్ మెయిళ్లు కనబడకూడదంటే, నిరి గానీ హైపర్‌ల్యాండ్ గానీ తీసుకోండి.

ఎన్‌విడియా గేమింగ్ ల్యాప్‌టాప్: నిలకడ కావాలంటే ఐ3, ప్రైమ్ ఆఫ్‌లోడ్‌తో (కావాల్సిన ప్రోగ్రాములనే ఎన్‌విడియా మీద నడిపే పద్ధతి). వేల్యాండే కావాలంటే హైపర్‌ల్యాండ్ లేదా నిరి, డ్రైవర్ 555 లేదా ఆపై వెర్షన్‌తో. ఫ్రేములు వరస తప్పకుండా చూసే ఎక్స్‌ప్లిసిట్ సింక్ 2024లో వచ్చిన ఆ వెర్షన్ నుంచే ఉంది, అంతకుముందు వాటిలో తెర మిణుకుమనడం, పాత ఫ్రేములు వెనక్కి రావడం ఉండేవి. హైబ్రిడ్ ల్యాప్‌టాప్‌లో ఏ చిప్ ముందో చెప్పే వేరియబుల్‌ని కూడా పెట్టుకోవాలి, లేకపోతే తెర గీసే పని ఎన్‌విడియా మీద పడి బ్యాటరీ కరిగిపోతుంది.

తెలుగు రాయడమే వృత్తి అయినవాళ్లు, డీటీపీ, అనువాదం: ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవాళ్లకు ఐదింటిలోనూ సుఖమే. కీబోర్డ్ లేఅవుట్ ఇన్, వేరియంట్ టెల్ అని ఇస్తే ఏ ఇన్‌పుట్ ప్రోగ్రామూ అక్కర్లేదు. ఆర్‌టీఎస్ లేదా ఆపిల్ లేఅవుట్ అలవాటున్నవాళ్లకు ఆ లేఅవుట్లు ఉన్న ఎం17ఎన్ లైబ్రరీ కావాలి. దాన్ని ఐ3 మీద ఐబస్, వేల్యాండ్ మీద ఎఫ్‌సిటిఎక్స్5 అనే ఇన్‌పుట్ ప్రోగ్రాములతో వేసుకోండి. క్రోమ్ జాతి బ్రౌజర్లను వేల్యాండ్‌లో నడిపేటప్పుడు ఎనేబుల్-వేల్యాండ్-ఐఎంఈ ఆప్షన్ ఇవ్వకపోతే వాటిలో మాత్రం తెలుగు పడకపోవచ్చు. మిగతా అన్నిచోట్లా పడి ఇక్కడే పడటం లేదంటే కారణం ఇదే అయ్యుండాలి.

ప్లేస్‌మెంట్ పరీక్షల ఏడాదిలో ఉన్నవాళ్లు: ఏది ఎంచుకున్నా విండోస్‌ని తుడిచేయకండి. తెరను తాళం వేసే పరీక్షా బ్రౌజర్లు చాలావరకు విండోస్ మీదే నడుస్తాయి. ఆటోకాడ్, సాలిడ్‌వర్క్స్ వాడే మెకానికల్ విద్యార్థులకూ ఇదే మాట.

## పెట్టుకునే వరస, చెడే చోట్లు

ఉన్న గ్నోమ్ లేదా కేడీఈని తీయకుండా పక్కనే ఇన్‌స్టాల్ చేయండి. లాగిన్ తెర మీద పళ్లచక్రం గుర్తు నొక్కితే కొత్త సెషన్ పేరు కనబడుతుంది. ఏదైనా విరిగితే పాత డెస్క్‌టాప్‌లోకి వెళ్లి బాగుచేసుకోవచ్చు. ఈటీసీ కింద ఉన్న నమూనా కాన్ఫిగ్‌ని హోమ్‌లోని డాట్-కాన్ఫిగ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, ఆ ఫోల్డర్‌ని మార్పుల చరిత్ర ఉంచే గిట్‌లో పెట్టండి.

పూర్తి డెస్క్‌టాప్ మీ కోసం చడీచప్పుడు లేకుండా చేసే పనులన్నీ ఇక్కడ మీరే పెట్టుకోవాలి. స్వే లెక్కన చెబితే: టెర్మినల్‌కి ఫుట్, ప్రోగ్రాములు తెరవడానికి ఫజెల్, బార్‌కి వేబార్, నోటిఫికేషన్లకి మాకో, లాక్‌కి స్వేలాక్, ఖాళీగా ఉన్నప్పుడు చూసుకోవడానికి స్వేఐడిల్, స్క్రీన్‌షాట్లకి గ్రిమ్, స్లర్ప్, వెలుతురుకి బ్రైట్‌నెస్‌సీటీఎల్, శబ్దానికి డబ్ల్యూపీసీటీఎల్, వైఫైకి ఎన్ఎంటీయూఐ, అక్షరాలకి నోటో సాన్స్ తెలుగు. రాత్రిపూట తెర పసుపెక్కడానికి డబ్ల్యూఎల్‌సన్‌సెట్ వేస్తే అక్షాంశం 17.7, రేఖాంశం 83.3 అని ఇవ్వండి, విశాఖ సూర్యాస్తమయానికి తగ్గట్టు మారుతుంది.

తరచుగా ఎదురయ్యే చిక్కులు, వాటి కారణాలు:

*ప్రోగ్రాములు తెరుచుకోవడానికి పాతిక సెకన్లు పడుతున్నాయి.* మెషీన్ నెమ్మదించింది అనుకుంటారు, కాదు. డెస్క్‌టాప్ పోర్టల్‌కి వేల్యాండ్ డిస్‌ప్లే ఏదో తెలియక అది గడువు తీరేదాకా ఎదురుచూస్తోంది. డీబస్ యాక్టివేషన్ ఎన్విరాన్‌మెంట్‌ని అప్‌డేట్ చేసే కమాండ్‌ని, వేల్యాండ్ డిస్‌ప్లే, కరెంట్ డెస్క్‌టాప్ వేరియబుళ్లతో, కాన్ఫిగ్‌లో మొదట్లోనే పెట్టండి. స్క్రీన్ షేర్‌లో నల్ల తెర వస్తున్నా ముందు దీన్నే చూడండి, తర్వాత తెర వీడియోని చేరవేసే పైప్‌వైర్ నడుస్తోందో లేదో, మీ విండో మేనేజర్‌కి చెందిన పోర్టల్ ప్యాకేజీ ఉందో లేదో చూడండి.

*పెన్‌డ్రైవ్ తెరిస్తే అనుమతి లేదంటోంది.* పాస్‌వర్డ్ అడిగే పెట్టె చూపించాల్సిన పోల్‌కిట్ ఏజెంట్ నడవడం లేదు. ఏదో ఒక ఏజెంట్‌ని లాగిన్‌తోపాటే మొదలయ్యేలా పెట్టాలి.

*జావా ల్యాబ్ ప్రోగ్రాము బూడిదరంగు ఖాళీ పెట్టెలా వస్తోంది.* ప్రతి విండో చుట్టూ ఇంకో చట్రం ఉంటుందని జావా ఆశిస్తుంది, స్వే లాంటి వాటిలో అది ఉండదు. అండర్‌స్కోర్‌తో మొదలయ్యే జావా ఏడబ్ల్యూటీ డబ్ల్యూఎం నాన్‌రీపేరెంటింగ్ వేరియబుల్‌కి 1 ఇస్తే సరిపోతుంది.

*మూత తెరిచినప్పుడు ఒక్క క్షణం పాత తెర కనబడి తర్వాత లాక్ పడుతోంది.* లాక్ పూర్తవకముందే మెషీన్ నిద్రపోయింది. స్వేఐడిల్‌కి చిన్న డబ్ల్యూ ఆప్షన్, బిఫోర్-స్లీప్‌లో స్వేలాక్‌కి చిన్న ఎఫ్ ఆప్షన్ ఇవ్వండి. లాక్ పడ్డాకే నిద్రకి వదులుతుంది. ఐ3లో ఈ పని ఎక్స్ఎస్ఎస్-లాక్ చేస్తుంది.

*చెప్పాపెట్టకుండా ఆగిపోతోంది.* కరెంటు పోయిందని గమనించకుండా పని చేసుకుంటూ ఉంటే బ్యాటరీ తక్కువగా ఉందని చెప్పే దిక్కు ఇక్కడ లేదు. బ్యాటరీని గమనించే యూపవర్ నడుస్తుంటే 2 శాతం దగ్గర అది తన చర్య తీసుకుంటుంది, కానీ ముందస్తు హెచ్చరిక తెర మీద చూపించదు. పవర్‌అలర్ట్‌డీ అనే చిన్న సర్వీస్ వేసుకుంటే ఆ హెచ్చరికలు మాకో ద్వారా వస్తాయి. యూపవర్ కాన్ఫిగ్‌లో చర్య శాతాన్ని 2 నుంచి 5కి పెంచండి (క్రిటికల్ శాతం దానికన్నా ఎక్కువ ఉండాలి, లేకపోతే మీ అంకెలు అమలు కావు), బ్యాటరీ పాతదైతే 8 పెట్టినా తప్పులేదు, పాత బ్యాటరీలు చివరి శాతాల దగ్గర ఒక్కసారిగా జారిపోతాయి. చర్యగా హైబర్నేట్ ఎంచుకుంటే ర్యామ్ అంత స్వాప్ డిస్క్ మీద ఉండాలి. జడ్‌ర్యామ్ ఇందుకు పనికిరాదు, అది ర్యామ్‌లోనే ఉంటుంది, కరెంటుతోపాటే పోతుంది. ఇక బ్యాటరీ ఆదాకి టీఎల్‌పీ గానీ పవర్-ప్రొఫైల్స్-డీమన్ గానీ ఒక్కటే వాడండి, రెండూ కలిస్తే ఒకదాని సెట్టింగుని ఇంకోటి చెరిపేస్తుంది. బార్‌లో సీపీయూ, నెట్ వేగం లాంటివి ప్రతి సెకనూ కాకుండా 5 లేదా 10 సెకన్లకోసారి మారేలా పెట్టండి.